చంద్రుడి మీదికి నేసిన ఊయల

సోలాపూర్ భవాని పేట్‌లో తన ఇంటి ముందు ఆటో ఆగేసరికి చంద్రభాగ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. దిగినావిడది తెల్లజుట్టు, చేతిలో కర్ర. చూసి నలభై నాలుగేళ్లయినా ఆ నవ్వును చంద్రభాగ ఇట్టే పోల్చుకుంది.

"మరియం అక్కా!"

"ఎవరు ఆజీ?" అంది మనవరాలు సాక్షి.

"చంద్రుని మీద పండుకొని వచ్చినామె."

మరియంది నీలద్వీపం, సోలాపూర్ అంత జనం కూడా లేని దేశం. అయినా మనుషుల్ని చంద్రుడి మీదికి పంపి తీరుతానంది. పెద్ద దేశాలు సామాను అమ్మకపోతే, ఏ పని ఎక్కడ బాగా చేస్తారో వెతుక్కుంటూ తిరిగింది. అక్కడ దిగాక పడుకోవడానికి రెండు గుడ్డ ఊయలలు కావాలి. తేలికగా ఉండాలి, చిరగకూడదు. ఆ పని చంద్రభాగ పెనిమిటి పెంటప్ప మగ్గానికి వచ్చింది. వెళ్లబోయే ఇద్దరిలో ఒకరైన మరియం స్వయంగా వచ్చి, మూడు నెలలు పక్కింట్లో ఉండి తెలుగు కూడా నేర్చుకుంది.

మొదటి రెండూ చిరిగాయి. మూడోదాన్ని పెంటప్ప దూలాలకు కట్టిన రోజు, ఎక్కి చూడాల్సిన మరియంకు జ్వరం. "నువ్వెక్కి పండుకో, చూద్దాం," అన్నాడు భార్యతో.

చంద్రభాగకు అప్పుడు ఇరవై రెండేళ్లు. తెల్లారితే నీళ్లు, మగ్గానికి నూలు కండెలు చుట్టడం, ఆపైన వెయ్యి బీడీలు. పగటిపూట నడుం వాల్చి ఎరగదు. ఊయలెక్కి మోచెయ్యి తల కింద పెట్టుకుందో లేదో, నిద్రలోకి జారిపోయింది. అత్త పోచమ్మ వచ్చి నోరు నొక్కుకుంది.

"పట్టపగలు గురక పెట్టవట్టె! ఏం కోడలే ఇది?"

"లేపకే అమ్మా," పెంటప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయాల గామె నిద్రనే మన పని."

రెండేళ్లకు వాళ్లు చంద్రుడి మీద దిగారు. పేటంతా రేడియోల చుట్టూ చేరింది. నీలద్వీపం ఆ ఒక్క ప్రయాణంతోనే చాలించుకుంది. మరియం దీవిలో పంతులమ్మ అయింది. ఉత్తరాలు కొన్నాళ్లు వచ్చి ఆగిపోయాయి. వాళ్లకు అక్కడ నిద్ర పట్టిందా లేదా అన్న ఒక్క సంగతి తెలియకుండానే పెంటప్ప పోయాడు.

అరుగు మీదే చాయ్ చల్లారుతుంటే చంద్రభాగ అదే అడిగింది.

"ముందు భయంతో కళ్లు మూతపడలేదు," అంది మరియం. "అప్పుడు నువ్వు పడుకున్న తీరు గుర్తొచ్చింది. నీలాగే మోచెయ్యి తల కింద పెట్టుకున్నా. నాలుగు గంటలు ఒళ్లు తెలియలేదు."

"మరి ఊయలలు?"

"బరువు తగ్గించాలని అక్కడే వదిలేశాం. నాది మాత్రం విసిరేయబుద్ధి కాలేదు. మడత పెట్టి ఒక రాయి మీద ఉంచి వచ్చా."

చంద్రభాగ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఆయన ఉంటె పేటంత తిరిగి చెప్పుకుంటుండె. గిన్నేండ్లు ఎందుకు రాలేదక్కా?"

"చేసింది ఒక్క ప్రయాణం, ఆ తర్వాత అంతా ఆగిపోయింది; గొప్పగా చెప్పుకోవడానికి ఏముందని రావడానికి సిగ్గుపడ్డా. ఇక మోకాళ్లు నడవనిస్తుండగానే రావాలనుకున్నా. మగ్గం ఎక్కడ ఉండేది?"

ఒకప్పుడు మగ్గం ఉన్న లోపలి గదిలోంచి సాక్షి స్కూటీని బయటికి నెట్టింది. నున్నటి టైల్స్ మీద చంద్రభాగ వేలితో చూపించింది. "ఇక్కడ మగ్గం గుంట, ఆయన కాళ్లు ఇట్ల ఉండె. నేను గా గోడకు కూసొని కండెలు చుడుతుంటి."

మరియం కర్ర సాక్షికి ఇచ్చి, చెప్పులు గది బయట విడిచి, మగ్గం ఉండిన చోటికి వచ్చింది.