అరుగు లేని ఇల్లు

నూకమ్మ లీవరు మీద ఒంటి బరువంతా వేసి కిందికి లాగింది. మిషను మూత తీస్తే తడి మట్టి ఇటుక నున్నగా పైకి లేచింది. దాన్ని రెండు అరచేతులతో ఎత్తి నీడలో పేర్చి, మళ్ళీ మట్టి పోసింది. తుఫాను తాటాకిళ్ళన్నీ ఎత్తుకుపోయాక, అక్కుపల్లి ఇసకదిబ్బ మీద ట్రస్టువాళ్ళు కడుతున్న కాలనీలో ఆమెది ఇటుకల పని. మోచేతుల దాకా ఎర్రమట్టి. భుజాలు మగాడి భుజాల్లా గట్టిపడిపోయాయి.

పుట్టింది భావనపాడులో. పెళ్ళయి వచ్చింది మొదలు నెత్తిన చేపల గంపతో ఊళ్ళన్నీ తిరిగింది. మొగుడు కూర్మయ్యకు కిడ్నీలు చెడి వేట మానేశాక, ఇంటి దగ్గర ఉండొచ్చని తనూ గంప దించి కూలికి దిగింది.

కొత్త ఇళ్ళు మంచివే, ఆ మాట నూకమ్మ కూడా కాదనదు. మట్టి గోడలు, పెంకుల కప్పు, మండువేసవిలోనూ లోపల చల్లగా ఉంటుంది. కానీ అరుగేదీ? ప్లాను గీసిన పట్నం పెద్దమనిషి ముందంతా ఖాళీగా ఉంటేనే అందమన్నాడట. అందమట, అందం! వల బాగుచేసుకునేది అరుగు మీద, చేప కోసేది అరుగు మీద, ఆఖరి ఘడియలో మనిషిని తెచ్చి పడుకోబెట్టేదీ అరుగు మీదే. లోపల ప్రాణం పోతే ఇల్లు పాడుపెట్టాలి. కట్టేముందు ఒక్కడైనా వచ్చి అడిగితే చెప్పేవాళ్ళు కదా.

తమకిచ్చిన కొత్త ఇంట్లోకి వచ్చాక కూర్మయ్య ఆమెను కోరింది ఒక్కటే. "కిటికీ నా నెత్తి మీదుంది. బోట్లొచ్చినా కనబడవు. కూకోడానికి పిసరంత అరుగెయ్యే."

ఆయన కాళ్ళు పొంగిపోయాయి. నేల మీద కూర్చుంటే మళ్ళీ లేవలేడు. నూకమ్మ విరిగిన ఇటుకలు ఏరుకొచ్చి, మట్టి మెత్తి, అరుగు వేసింది. వారమైనా కాలేదు. పొద్దస్తమానం దాని మీదే కూర్చుని ఏ బోటు ఎవరిదో చెబుతూ ఉండేవాడు.

ఈరోజు అన్నానికి వచ్చేసరికి అరుగు లేదు. ఆ చోట క్రోటన్ మొక్క కుండీ ఉంది. సూపర్‌వైజర్ తారకేశ్వరరావు దగ్గరుండి ముగ్గు వేయిస్తున్నాడు.

"ఈ ఇళ్ళ ప్లానుకి బహుమతి ఇచ్చేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు నూకమ్మా. ప్లానులో లేనిది ఉండకూడదు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసుకో."

"మా మావేడి?"

"లోపల పడుకోబెట్టాం."

లోపల కూర్మయ్య చాప మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. ఊపిరి బరువుగా లాగుతున్నాడు. "బోట్లొచ్చీసినాయేటే?" అన్నాడు.

నూకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే బయట కార్లు ఆగాయి. అతిథుల కోసం ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. వచ్చినవాళ్ళు కాసేపు కూర్చోడానికి కుర్చీలు కావాలి గానీ, ఉండేవాడికి అరుగు అక్కర్లేదా? మొగుడి చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చుకొచ్చింది. కుండీని ఒక్క తన్ను తన్నింది. ఎవరో కూర్చోబోతున్న కుర్చీని లాక్కుని, సముద్రం వైపు తిప్పి, కూర్మయ్యను అందులో కూర్చోబెట్టింది. ఫొటోలు తీసేవాడు కెమెరా దించేశాడు.

"నూకమ్మా, పెద్దోళ్ళ ముందు పరువు తీస్తావా?" అన్నాడు తారకేశ్వరరావు.

"పరువేటి బాబూ? ఎవుల్నడిగి కట్టినారు? బతికున్నప్పుడు కూకోడానికి సోటు నేదు, సావడానికైనా సోటియ్యండి!"

అతిథుల్లో ఒకావిడ గోడను తడిమి, ఎంత చల్లగా ఉందో అని పక్కావిడతో అంది.

తెరచాప దించుకుంటూ ఒక బోటు ఒడ్డు పట్టింది.

"మన పోలారావుది," అన్నాడు కూర్మయ్య.

రెండోది ఎవరిదో చెప్పలేదు. నూకమ్మ వంగి మొహంలోకి చూసింది. కొంగుతో ఆయన మూతి తుడిచి, వాలిన తలను తన కడుపుకి ఆనించుకుంది. కార్లు ఒక్కొక్కటీ వెనక్కి తిరిగాయి.

పొద్దుండగానే కూర్మయ్యను కాటికి తీసుకుపోయారు. కుర్చీలు పట్టుకుపోవడానికి వచ్చిన టెంటుహౌసు రిక్షావాడు అన్నిటినీ ఒకదాంట్లో ఒకటి దూర్చి కట్టుకున్నాడు. మనిషి పోయిన కుర్చీని మాత్రం ముట్టుకోలేదు. ముగ్గు మధ్యలో, అరుగుండాల్సిన చోట, అది సముద్రం వైపు తిరిగి ఉంది.