అంగూరు గుట్ట మీద పాట

“మొగని తోటకు నీళ్లు వోసుడు గూడ బరువైతున్నదానే?” అంది అత్త. అంతకుముందు లచ్చవ్వ నడుం నొప్పి అని మాత్రమే అంది. దొర తోటకు నీళ్లు మోసిన రోజుల్లో ఇదే అత్త రాత్రిళ్లు ఆ నడుముకు ఆముదం రాసేది. అదే తోట ఇంటిదయ్యాక ఆముదం మానేసింది. లచ్చవ్వ కడవ ఎత్తుకుంది.

పాలకుర్తి అవతల ఆ గుట్టంతా రాయే. ఎండాకాలం బండ మీద రొట్టె కాల్చుకోవచ్చు. అలాంటి చోట దొర అంగూరు తీగలు, అంటే ద్రాక్ష, పెట్టించాడు. ఆ పండ్లను జాడీల్లో పులియబెట్టి, పట్నం నుంచి వచ్చే పెద్దమనుషులకు గ్లాసుల్లో పోయించేవాడు. బండల సందుల్లో మట్టి నింపిందీ, కింది బావి నుంచి నీళ్లు మోసిందీ ఊరి ఆడవాళ్లు. అంతా వెట్టి. కూలి అడిగితే వీపులు చిట్లేవి.

పండు తెంపే రోజుల్లో ఇంకో ముచ్చట ఉండేది. అందరూ గొంతెత్తి పాడాలి. పాడే నోరు తినలేదు కదా, అదీ దొరవారి తెలివి! గుమాస్తా కింద బండ మీద గొడుగేసుకుని కూర్చుని వినేవాడు. ఏ గొంతు ఆగితే ఆ మనిషి వచ్చి నోరు తెరిచి చూపాలి. దగ్గొచ్చినా పాట ఆగకూడదు. ఏళ్ల తరబడి చేతులకు రసం అంటుకుందే గాని, ఆ పండు తీపో పులుపో లచ్చవ్వకు తెలియదు. ఒక్కసారి, జ్వరంతో పడున్న కూతురు పోచి అడిగిందని, కొంగున రెండు పండ్లు ముడేసుకుంది. గుమాస్తా అందరి ముందూ ఆ ముడి విప్పించాడు. ఇంటికొస్తే మొగుడు పోశాలు చెయ్యి చేసుకున్నాడు. “నీ కొంగు జెయ్యవట్టి గడీల నా ఇజ్జత్ పాయె” అన్నాడు. అందరి ముందు కొంగు విప్పిన మనిషి ఇజ్జత్ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

తర్వాత దొరల మీద తిరగబడే సంఘం ఊళ్లోకి వచ్చింది. దొర కోటలాంటి తన ఇంటికి, ఆ గడీకి, తాళమేసి పట్నం పారిపోయాడు. “కష్టం ఎవరిదో భూమి వాళ్లదే” అని సంఘం నాయకుడు సభలో అంటుంటే లచ్చవ్వ ఒళ్లు పులకరించింది. గుట్ట పంచేటప్పుడు ఆ ధైర్యంతోనే లేచి నిలబడింది.

“అన్నా, గా గుట్ట మీదికి నీళ్లు మోసింది నేను.”

“అవునక్కా, అందుకే మీ ఇంటికిస్తున్నం,” అని నాయకుడు మెచ్చుకోలుగా నవ్వి, “పోశాలూ, ముందుకు రా” అన్నాడు.

పోశాలు గడీలో ఎడ్లు కాసేవాడు. జన్మలో ఆ గుట్ట ఎక్కి ఎరగడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది, పిచ్చిది.

ఇప్పుడు తీగల నిండా నల్లటి గుత్తులు. సారా కాచే జనగామ సావుకారు బండి పంపుతానన్నాడు. తల్లీ కూతురూ చెరో గంప పట్టుకుని పొద్దున్నుంచి తెంపుతున్నారు. పోశాలు కింద కూర్చున్నాడు. బండ అదే. గుమాస్తా వదిలిపోయిన గొడుగూ అదే.

“ఏందే, సప్పుడు లేదు? పాట పాడుకుంట తెంపుండ్రి!” అని కేకేశాడు.

లచ్చవ్వ చెయ్యి గుత్తి మీదే ఆగిపోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే కడుపు మండింది. ఇంతలో పక్కన పోచి గొంతు సవరించుకుని పాట అందుకుంది. గుమాస్తాను సరిగ్గా చూసి కూడా ఎరగని పిల్ల, దీనికి ఆ పాట ఎవరు నేర్పారు? తనే. పొయ్యి ముందు కూర్చుని, అలవాటు చావక కూనిరాగం తీసింది తనే కదా!

“ఆపు బిడ్డా,” అంది. ఒక పండు తెంపి కూతురి నోట్లో పెట్టింది. ఇంకోటి తన నోట్లో వేసుకుంది. పులుపు, వగరు, నోటి నిండా గింజలు. దీనికోసమా ఇన్నేళ్లు! అయినా ఉమ్మలేదు, నమిలి మింగింది.

పాట ఆగిన సంగతి కిందికి తెలిసిపోయింది. “ఓ లచ్చీ! నోట్లె ఏమున్నదే?”

లచ్చవ్వ గంప దించి, బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇంకో గుత్తి కూతురి ఒళ్లో వేసింది. తర్వాత, ఇన్నేళ్లూ పాడిన గొంతుతోనే, గుట్ట కిందికి వినిపించేలా అంది.

“ఓ పోచి నాయినా! ఎక్కొచ్చి సూడు. కడవ బాయి కాడున్నది, వచ్చేటప్పుడు నింపుకొని రా.”