నాలుగు గంటల నీడ

వెల్డింగ్ చేసిన అతుకు మీద పేరుకున్న నల్లటి పెచ్చును చిన్న సుత్తితో రాలగొడుతున్నాడు బద్రుద్దీన్. పెచ్చు ఊడి కింద మెరిసే గీత బయటపడితే చాలు, అరవై రెండేళ్ల ఆ ముఖంలో తృప్తి కనబడుతుంది. ఆ తర్వాత బొటనవేలితో అతుకును తడిమి చూసుకుంటాడు. ఈ తడమడం మునుపు లేదు. రెండేళ్లుగా కళ్లు చెప్పేది వేలు సరేనంటే తప్ప ఆయన నమ్మడం లేదు.

బాన్సువాడలో ముప్పై ఆరేళ్లుగా ఇదే దుకాణం, ఇదే పని. మొదట చందర్ తండ్రి దగ్గర, ఇప్పుడు చందర్ దగ్గర. ఊళ్లో ఏ గల్లీలోకి వెళ్లినా ఆయన చేతి గేటో, కిటికీ గ్రిల్లో ఉంటుంది. బడిలో బెంచీలు ఆయనవే. మసీదులో జనాజాను, అంటే శవాన్ని, మోసే ఇనుప మంచం కూడా ఆయనదే. అన్నీ ఎవరో కొలతలిస్తే చేసినవి. పొద్దున పని, మధ్యాహ్నం భార్య షహజాది కట్టిచ్చిన జొన్నరొట్టె, సాయంత్రం కళ్లు మండితే వాటి మీద ఆమె కోసి పెట్టే పచ్చి ఆలుగడ్డ ముక్కలు. బతుకంటే ఇంతే అనుకున్నాడు, అనుకుని బాధపడిందీ లేదు.

ఆ ఆలుగడ్డలూ ఇప్పుడు పనిచేయడం మానేశాయి. పోయిన నెల కంటి డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు, ఆ వెల్డింగ్ వెలుగు ఇంక చూడొద్దని. షహజాది అదే రోజు పని మాన్పించేదే. ఈయన చిన్నపిల్లాడిలా బతిమాలాడు. "ఏడాదిల పొద్దు అన్నిటికన్న చిన్నగుండే దినం దాక ఆగు. గా దినం నాలుగు గొట్టంగనే సుత్తి కింద పెడ్త," అన్నాడు. ఆ రోజు ఇవాళే, డిసెంబరు ఇరవై రెండు.

ఎందుకంత పట్టుదల అంటే, ఆయన జన్మలో సొంతంగా ఆలోచించి చేసిన వస్తువు ఒకే ఒక్కటుంది. అది ఉంటుందో పోతుందో ఇవాళ నాలుగింటికి తేలిపోతుంది.

ఆ వస్తువు సోలార్ ప్యానెళ్ల స్టాండు. ఉన్నది రాజేశ్వర్ పటేల్ ఇంటి స్లాబు మీద. ఆ ఇంటి కిందనే ఆయన భార్య వందన కారం, పసుపు పట్టే గిర్ని నడుపుతుంది. పోయినేడు పటేల్ గిర్నికోసం ప్యానెళ్లు పెట్టించాడు. పెట్టించాడు గానీ, ఏం లాభం! సూర్యుడు మన వైపు ఏడాదిలో చాలా నెలలు దక్షిణానికి వాలి నడుస్తాడు. ప్యానెళ్లు సూర్యుడికి ఎదురుగా ఉండాలంటే దక్షిణపు అంచు కిందికి దిగాలి. వాస్తు పంతులు వచ్చి అది చూసి గుండెలు బాదుకున్నాడు. దక్షిణం పల్లమా! ఇంకేమన్నా ఉందా! పటేల్ హడలిపోయి ప్యానెళ్లన్నింటినీ ఉత్తరానికి తిప్పించాడు. పాపం, అవి సూర్యుడికి వీపు చూపించి కూర్చున్నాయి. చలికాలం రాగానే గిర్ని మధ్యాహ్నం రెండింటికే మూలగడం మొదలుపెట్టింది. మిరపకాయల సంచులతో వచ్చిన ఆడవాళ్లు వందనను నాలుగు మాటలని, బస్సెక్కి పిట్లం పోయి కారం పట్టించుకున్నారు.

రెండు నెలల కింద సోలార్ కంపెనీ నుంచి మెహ్రీన్ అనే ఇంజనీరు అమ్మాయి డ్రాయింగు పట్టుకుని చందర్ దుకాణానికి వచ్చింది. పటేల్ కూడా వచ్చాడు. ఆమె దక్షిణం అంటుంది, ఆయన ఉత్తరం అంటాడు. గంటసేపు ఇద్దరూ అక్కడే నిలబడి వాదించుకున్నారు. మూలన గేటుకు రంగు వేస్తున్న బద్రుద్దీన్ కుంచె పక్కన పెట్టి లేచాడు.

"పటేలా, నీకు దక్షిణం ఎత్తుండాలె. గీ బేటీకేమో ప్లేట్ల మొకం దక్షిణానికుండాలె. రెండు గూడ అయితయి గద."

సుద్దముక్క తీసుకుని నేల మీద గీశాడు. మెట్లలా మూడు వరసలు. దక్షిణపు వరసకు పొడుగు కాళ్లు, నడిమి దానికి ఒక అడుగు తక్కువ, ఉత్తరపు దానికి ఇంకో అడుగు తక్కువ. రోడ్డు మీంచి చూస్తే మొత్తం ఉత్తరానికి దిగినట్టే ఉంటుంది. ప్రతి ప్యానెలూ మాత్రం తన చోట తాను దక్షిణానికే ముఖం పెట్టి కూర్చుంటుంది.

పటేల్ నోరు తెరిచాడు. మెహ్రీన్ తల అడ్డంగా ఊపింది. "మంచిగనే ఉంది చాచా. కని దక్షిణం దిక్కున్న ముందు వరస ఎత్తు లేస్తే దాని నీడ వెనక వరస మీద పడ్తది. ఒక్క మూలకు నీడ తగిలినా కరెంటు సగానికి పడిపోతది."

"ఎంత జరిపితే పడదో గంత జరుపుదాం బేటీ."

స్లాబు మీద జరపడానికి ఉన్నది వరసకూ వరసకూ మధ్య అయిదడుగులే. మెహ్రీన్ లెక్క వేసింది. పొద్దు చిన్నగా ఉన్న రోజు సాయంత్రం నాలుగింటికి నీడ అంటీ అంటనట్టు వస్తుందని తేలింది. పటేల్ తీర్పు చెప్పేశాడు. "గా దినం నాలుగింటి దాక నీడ పడకపోతే ఉంచుత. పడ్డదా, కోసి తుక్కు కిందేస్త. మల్ల ఉత్తరం దిక్కే పెట్టిస్త."

ఆ స్టాండు చేయడానికి నెల పట్టింది. ప్రతి కాలూ తాడుగుండు వేలాడదీసి చూసుకుని నిటారుగా నిలబెట్టాడు బద్రుద్దీన్. గాలిదుమారం వస్తే కదలకుండా అడ్డకమ్మీలు రెట్టింపు వేశాడు. తన కళ్ల చివరి వెలుగంతా ఆ అతుకుల్లోనే పెట్టాడంటే అబద్ధం కాదు.

ఇవాళ మూడున్నరకు బద్రుద్దీన్ పటేల్ ఇంటి స్లాబు ఎక్కేసరికి మెహ్రీన్, పటేల్ అప్పటికే నిలబడి ఉన్నారు. కింద గిర్ని గరగరమని తిరుగుతోంది. ముందు వరస నీడ నేల మీద వెనక్కి పాకుతూ వస్తోంది. బద్రుద్దీన్ వెనక వరస కాలి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నీడ అంచు ఆయన కళ్లకు మసకగా ఉంది. అరచేయి నేలకు ఆనించి, వెచ్చగా ఎక్కడుందో, చల్లగా ఎక్కడుందో చూసుకుంటూ కూర్చున్నాడు.

మూడు నలభై. జానెడు దూరం.

"ఇంకా ఇరవై నిమిషాలున్నయే," అన్నాడు పటేల్. ఆ గొంతులో ఎకసెక్కం లేదు, భయమే ఉంది. ఆయనకూ అది నిలవాలనే ఉంది మరి.

మూడు యాభై. బెత్తెడు. బద్రుద్దీన్ గుండె గిర్ని కంటే గట్టిగా కొట్టుకుంటోంది. అన్నేళ్లలో ఏ గేటు దగ్గరా ఇలా కొట్టుకోలేదు. యా అల్లా, ఈ ఒక్కటి నిలబెట్టు, ఇంకేమీ అడగను అనుకున్నాడు.

"నాలుగు!" అని అరిచింది మెహ్రీన్.

నీడకూ ప్యానెలుకూ మధ్య రెండు వేళ్ల సందుంది. ఆయన తన వేళ్లే పెట్టి చూసుకున్నాడు. రెండు వేళ్లూ ఎండలోనే ఉన్నాయి.

కింద నుంచి వందన పరుగున మెట్లెక్కి వచ్చింది. ముఖం, చేతులు, కొంగు అంతా ఎర్రటి కారం. "నాలుగు దాటినా ఆగలే! పసుపు గూడ పోసిన, ఆగలే!" అంది. ఆ కారానికో, సంతోషానికో అందరికీ తుమ్ములు, నవ్వులు. పటేల్ బద్రుద్దీన్‌ను వాటేసుకున్నాడు. వెంటనే ఫోను తీసి రుద్రూర్‌లో ఉన్న బావకు చేసి, వీధంతా వినబడేలా చెప్పాడు: "ఏ కంపెనోడు గాదు బావా, మా బద్రుద్దీన్ చేసిండు! ఇయ్యాల పడని నీడ ఇగ ఏడాదంత పడదు!"

మెహ్రీన్ తన డ్రాయింగు మీద పాత గీతలు కొట్టేసి, ఆయన మూడు మెట్లూ గీసుకుంది. "మా ఆఫీసుకు పంపుతున్న చాచా. మీ పేరుతోని," అంది. బద్రుద్దీన్ కాగితం మీది ఆ గీతలను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. ఇన్నాళ్లు ఇనుము కరిగించినవాడు, ఆ పూట తనే కరిగిపోయాడు.

దుకాణానికి వచ్చేసరికి, అలాంటి స్టాండే కావాలని రుద్రూర్ నుంచి, జుక్కల్ నుంచి కూడా ఫోన్లు వచ్చి ఉన్నాయి. చందర్ తల గోక్కుంటున్నాడు. "చాచా, నువ్వు లేకుంటే గా సందు లెక్క నాకెట్ల దెలుస్తది?"

బద్రుద్దీన్ మిగిలిన రేకు తీసి, రేకు కత్తెరతో త్రికోణం కోశాడు. నిలువు అంచు మూడు జానలు, అడుగు అంచు అయిదు జానలు. "గీ నిలువు ముందు వరస వెనక దాని కన్న ఎంత లేసిందో గది, గీ అడుగు నడిమి సందు. ఎత్తు మూడైతే సందు అయిదు. ఆరైతే పది. ఇయ్యాల నాలుగింటి పొద్దు గీ ఏటవాలుకే దిగింది. ఇంక లెక్కేంది?" అని పైన బొక్క కొట్టి చేతికిచ్చాడు.

వాకిట్లో షహజాది నిలబడి ఉంది. "నేను రాకుంటే ఇంకొక్క గేటంటడు, నాకు దెల్వదా?" అంది చందర్‌తో. బద్రుద్దీన్ నవ్వుతూ మిషన్ స్విచ్ ఆపాడు, చేతులు కడుక్కున్నాడు. రోజూ అన్నట్టే "పోయొస్త" అన్నాడు. ఇద్దరూ బస్టాండు వైపు మెల్లగా నడిచి, రద్దీలో కలిసిపోయారు.

చందర్ గోడకు మేకు కొట్టి తగిలించిన రేకు త్రికోణం కాసేపు అటూ ఇటూ ఊగి, ఏటవాలు అంచు మెరుస్తుండగా నిలబడింది.