గులాబీ తాగని నీళ్లు

నేను ఒక రాతితొట్టిని. ఆదోని స్టేషన్ బయట జట్కాలు ఆగే చోట ఏళ్ల తరబడి నీళ్లు మోశాను. ఇప్పుడు ఒక మ్యూజియం వరండాలో ఎండిపోయి కూర్చున్నాను. నా ముందు ‘తాకరాదు’ అని బోర్డు పెట్టారు. ఊరి గుర్రాలన్నీ మూతి పెట్టిన ఒంటికి ఇప్పుడు మడి కట్టడమేమిటో!

నన్ను చేయించింది సుంకమ్మ గారు. దూది వ్యాపారి అయిన భర్త పోయాక, ఆయన పేరిట మూగజీవాలకు నీళ్లుండాలని కోరుకుంది. నాగప్ప అనే రాతిపనివాడు మూడు నెలలు తొలిచి, గుర్రాలకు పైన ఒక గుంట, మేకలకూ కుక్కలకూ కింద ఇంకో గుంట చేశాడు. భర్త పేరు జానెడు అక్షరాలతో చెక్కించుకుని ఆవిడ తృప్తిపడింది. ఆవిడ ముచ్చట ఆవిడది.

నా దగ్గరికి వచ్చే గుర్రాల్లో గులాబీ అంటే నాకు ప్రాణం. అది జట్కా తోలే దస్తగిరి గుర్రం. పరుగెత్తి వచ్చిన గుర్రం గటగటా తాగితే కడుపు పట్టేస్తుందని జట్కావాళ్లు నా నీళ్ల మీద రెండు గుప్పెళ్ల ఎండుగడ్డి చల్లి ఉంచేవాళ్లు. ఆ గడ్డిని మూతితో తోసుకుంటూ గుర్రం నింపాదిగా తాగేది.

ఇంతలో వెంకోబ అనే శానిటరీ మేస్త్రీ ఊరికి బదిలీ మీద వచ్చాడు. మహా శుభ్రం మనిషి. ఒక మధ్యాహ్నం నన్ను చూసి మొహం చిట్లించి, గడ్డంతా తీసి పారేసి, స్వయంగా తోమి కొత్త నీళ్లు నింపాడు. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది. నీళ్లలో ఆకాశం కనబడుతుంటే మురిసిపోయాను.

అప్పుడే దస్తగిరి ఎవరో రైలు తప్పిపోతుందంటే మార్కెట్ నుంచి గులాబీని ఎండలో పరుగెత్తించి తెచ్చాడు. గడ్డి ఉంటుందిలే అన్న ధీమాతో బండి నా పక్కన వదిలి, ట్రంకు పెట్టె నెత్తినెత్తుకుని లోపలికి పోయాడు. గులాబీ ఆబగా తాగేసింది. ఆపడానికి నాకు నోరేది?

అతను తిరిగొచ్చేసరికి గులాబీ నేలను తన్నుతూ, పొట్ట వైపు తిరిగి చూసుకుంటోంది.

“నీళ్ల మీద గడ్డి ఏమాయె? ఎవరు తీసినారు?”

“నేనే తీసినా. చెత్త కదప్పా,” అన్నాడు వెంకోబ.

“చెత్త కాదు మేస్త్రీ! అది దాని పానం!” అంటూ దస్తగిరి గులాబీ పొట్ట నిమిరాడు. ఏడాది పిల్లగా తెచ్చి చేత్తో మేపి పెంచుకున్న గుర్రం అది.

బండి విప్పాడు. పడుకుని పొర్లిందంటే పేగు మెలిపడి చచ్చిపోతుంది. నడిపించాల్సిందే. వెంకోబ మొహం పాలిపోయింది. ఎవరూ అడగకుండానే టీ కొట్టుకు పరుగెత్తి వాము కాచిన నీళ్లు తెచ్చాడు. ఆ తర్వాత రెండో పక్క నడుస్తూ, తన కండువాతో గులాబీ చెమట తుడిచాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ రోడ్డు వెంట దాన్ని తిప్పుతూనే ఉన్నారు. నా శుభ్రమే దాన్ని చంపేస్తోందని నేను కుమిలిపోయాను.

చివరికి గులాబీ తోక ఎత్తింది.

“లద్దె వేసింది! దస్తగిరీ, పేగు కదిలింది!” అని గంతులేశాడు వెంకోబ. దస్తగిరి నా మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చాడు.

గులాబీ బతికింది గానీ నా నీళ్లు ముట్టడం మానేసింది. వారం రోజులు నా ముందుకొచ్చి, వాసన చూసి, తల తిప్పుకునేది. గడ్డి చల్లినా అంతే. దస్తగిరి బలవంతపెట్టలేదు. “నేను తాగి చూపిస్తే తాగుతాదేమో. చిన్నప్పుడు అట్లనే అలవాటు చేసినా,” అంటూ వంగబోయాడు.

వెంకోబ అడ్డొచ్చాడు. “నువ్వుండప్పా. దానికి భయం పెట్టింది నేను.”

చొక్కా చేతులు మడిచాడు. గడ్డిని పక్కకు తోసి, నా నీళ్లు దోసిలి పట్టి తాగాడు. రెండోసారి ముంచేసరికి అతని చెంప పక్కనే గులాబీ మూతి దిగింది. ఇద్దరూ కలిసి తాగారు.