అత్తయ్య కుట్టిన పాము

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, తెలియని విషయం లేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. లెక్కల మాస్టారుగా రిటైరై ఐదేళ్లయినా ఇంట్లో అందరినీ ఇంకా ఆరో తరగతి పిల్లల్లాగే చూస్తారు. ఆ ఆదివారం పొద్దున ఆయన తీర్పు చెప్పేశారు.

"రేపటి నుంచి అమ్మకి స్నానం ఉండదు. ఒకావిడని మాట్లాడాను. రోజూ వచ్చి తడిగుడ్డతో ఒళ్లు తుడిచి వెళ్తుంది."

అత్తయ్యకి ఎనభై రెండేళ్లు. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపించే గొంతు. అలాంటి మనిషి కళ్లజోడు తీసి తుడిచిందే తుడుస్తూ కూర్చుంది.

సంగతేమిటంటే, మా స్నానాలగదికి ఈ ఇంటికున్నంత వయసుంది. రెండు నెలలుగా అత్తయ్య స్నానం చేసి వస్తే వణుకు, ఆ వెనకే దగ్గు. వేడినీళ్లు పోసుకుంటున్నా వీపు మీద చల్లగాలి కొడుతోందంటుంది. గోడలు బూజు పట్టి నల్లబడ్డాయి. దగ్గు ఛాతీలోకి దిగితే కష్టమని డాక్టరు హెచ్చరించాడు. అప్పటి నుంచీ లోపల గడియ వేసుకోవద్దని ఒక రూలు, బయట ఎవరో ఒకరు నిలబడాలని ఇంకో రూలు. ఇప్పుడీ తడిగుడ్డ.

గాలిని ఆపడానికి అందరం తలో చెయ్యీ వేశాం. మా ఆయన కిటికీ సందుల్లో పాత పేపర్లు కూరారు. బావగారు వెంటిలేటరుకి అట్ట కొట్టి, బూజు పోతుందని చిన్న ఫ్యాను తీసేయించి, దానికి రెట్టింపు సైజు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించారు. లైటు వేస్తే చాలు, అదీ తిరుగుతుంది. అత్తయ్య పాత దుప్పటి చింపి, దూది కూరి, తలుపు వెడల్పున పొడుగాటి దిండు కుట్టింది. కళ్లకి రెండు గుండీలు కూడా పెట్టింది. దాని పేరు పాము. తలుపు కింద సందుకి పామును అడ్డం పెట్టనిదే ఆవిడ మగ్గు ముట్టుకోదు. ఇన్ని చేశాక గాలి తగ్గాలా? పెరిగింది!

"రేపటి నుంచి కదా బావగారూ. ఇవాళ్టి రోజు నాకివ్వండి," అన్నాను.

"ఏం చేస్తావమ్మాయ్? గాలికి నోటీసిస్తావా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్లుగా నూలు మిల్లులో గాలీ తేమా చూసే సెక్షను నాది. ఒక్క తలుపు ఓరగా తెరిచి ఉన్నా నూలు తెగిపోతుందని అక్కడ నన్ను పరిగెత్తిస్తారు. ఇంట్లో అడిగిన నాథుడు లేడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా! నిజం చెప్పాలంటే, రోజూ చేసే పనే సొంతింట్లో చెయ్యాలని నాకూ తట్టలేదు. ఆ కోపంలో సగం నా మీదే.

చీపురుపుల్ల చివర ఒక నూలు పోగు కట్టాను. గాలి ఎటు పోతోందో చూడటానికి మిల్లులో మాకిదే పరికరం. అత్తయ్యని ఆవిడ స్నానం చేసే పీట మీద బట్టలతోనే కూర్చోబెట్టి, తలుపు మూసి, పామును దాని చోట పెట్టి లైటు వేశాను. ఫ్యాను హోరెత్తింది. దాని జాలీకి ఒక పేపరు ముక్క ఆనించి చెయ్యి తీశాను. గాలి లాగుతుంటే అది అతుక్కోవాలి. జారి కింద పడింది.

"అంత చప్పుడు చేస్తూ కాగితం ముక్కని పట్టుకోలేదా?" అంది అత్తయ్య.

"లోపలికి రాని గాలిని బయటికెలా పంపుతుందత్తయ్యా?"

పోగుని కిటికీ దగ్గర పట్టాను. కదల్లేదు. తలుపు కింద పట్టాను. పాము కాపలా గట్టిదే, కదల్లేదు. నీళ్లు పోయే తూము దగ్గరా అంతే. చివరికి అత్తయ్య నెత్తి మీదుగా పుల్లని పైకెత్తాను. అక్కడ అటకలోకి ఎక్కడానికి ఒక చెక్క మూత ఉంది. పోగు రెపరెపలాడుతూ ఆవిడ వీపు వైపు కొట్టుకుంది.

"అదే! రోజూ కొట్టే గాలి అదే!" అని అత్తయ్య కేక పెట్టింది.

మూత పైన అటక, అటక పైన సందులు పడిన పెంకులు. ఇంట్లోని వెచ్చటి గాలి వచ్చే దారులన్నీ మేమే మూసేశాం. ఇక ఫ్యాను ఏం చేస్తుంది? మిగిలిన ఆ ఒక్క సందులోంచి బయటి చలిని ఆవిడ మీదికి లాగుతోంది. ఆ కాస్త గాలీ చాలక ఆవిరంతా గోడలకే పట్టేస్తోంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ ఆ తలుపు దగ్గరే ఉంది," అన్నాను.

అత్తయ్య పామునీ నన్నూ మార్చి మార్చి చూసింది. "నేను కుట్టింది నన్నే కాటేసిందంటావా? రెండు రోజులు కూర్చుని కుట్టానే!"

"తీసి చూడండి."

ఆవిడ గోడ పట్టుకుని లేచి, పామును తోక పట్టుకుని ఈడ్చి పారేసింది. పోగుని తలుపు కింద పెట్టాను. బుద్ధిగా లోపలికి వంగింది. మూత దగ్గర పెట్టాను. ఆ రెపరెపలు లేవు, కొద్దిగా ఊగిందంతే. పేపరు ముక్కని జాలీకి ఆనించాను. టప్పున అతుక్కుంది! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

కేకలు విని బావగారు లోపలికొచ్చారు. పేపరు ముక్క పీకి, మళ్లీ పెట్టి, మూడుసార్లు చూసుకున్నారు. 'నేను ముందే అనుకున్నాను' అంటారని ఎదురుచూశాను. ఆయన గొంతు సవరించుకుని, "వెంటిలేటరు అట్ట కూడా తీసెయ్యమంటావా?" అని అడిగారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన నన్ను సలహా అడగడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

"వద్దు బావగారూ. అది ఫ్యాను పక్కనే ఉంది. తెరిస్తే ఫ్యాను అక్కడి గాలినే అక్కడికక్కడ తిప్పుకుంటుంది. అదొక్కటి మీరు సరిగ్గానే చేశారు."

ఆయన మొహం వెలిగిపోయింది. పాపం, మాస్టారికి కూడా మార్కులు కావాలి.

మధ్యాహ్నం మా ఆయన అటకెక్కి మూత చుట్టూ పాత సైకిలు ట్యూబు ముక్కలు బిగించారు. ఎక్కువ సందున్న వైపు పామును పరిచి, మీద ఇటుక పెట్టారు. దాని ఉద్యోగం పోలేదు, బదిలీ అయిందంతే అంటే అత్తయ్య శాంతించింది. బావగారు పంచె ఎగ్గట్టి గోడల బూజు తోమారు.

సాయంత్రం నాలుగింటికి అత్తయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరింది. గుమ్మంలో ఆగి, వరసగా నిలబడ్డ మా ముగ్గురినీ చూసింది.

"ఏమిటీ కాపలా? పొండి!"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. ఆ చప్పుడుకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నీళ్లు పోసుకుంటున్న చప్పుడు మొదలైంది. రోజూ ఐదు నిమిషాలకే వణుకుతూ వచ్చే మనిషి ఇరవై నిమిషాలైనా రాలేదు. బావగారు ఉండబట్టలేక తలుపు దగ్గరికెళ్లారు.

"అమ్మా, గాలి ఏమన్నా కొడుతోందా?"

"లేదురా! నువ్వు అక్కణ్ణుంచి కదిలి ఆ తడిగుడ్డావిడకి ఫోన్ చెయ్యి. రానక్కర్లేదని చెప్పు!"

వీధి చివరిదాకా వినిపించింది. బావగారు ఫోను తీశారు.