త్రిపురాంబ వదిలేసిన ఉప్పు

నేను ఒక పింగాణీ జాడీని. పైసగం గోధుమరంగు, కిందిసగం మీగడరంగు. కోటప్పకొండ తిరునాళ్ళలో ఎండుగడ్డి పరిచిన బండిమీద ఉండగా ఒక పెద్దావిడ నన్ను వేలితో కొట్టి చప్పుడు విని, బాపట్లలోని తన ఇంటికి తెచ్చుకుంది. నా తోటి జాడీలు చాలావరకు ఆవకాయకు పోయాయి. నాకు ఉప్పు దక్కింది. తర్వాత వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, మనుషులకన్నా ముందు నన్నూ పసుపునూ గడప దాటించారు. ఆ సంగతి తలుచుకుని చాలాకాలం గర్వపడ్డాను.

ఆ పెద్దావిడ పోయాక కోడలు త్రిపురాంబగారి చేతికి వచ్చాను. ఆమె చెంచా వాడేవారు కాదు. నైవేద్యం పెట్టేదాకా వంట రుచి చూడకూడదు గనుక కొలత ఆమె వేళ్ళకే తెలియాలి. మూడు వేళ్ళు నాలో ముంచి తీసేవారు, అంతే. పప్పులో ఉప్పు ఎక్కువైందన్న మాట ఆ ఇంట్లో నేను వినలేదు.

ఆమె భర్త సోమలింగంగారు రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సరిగ్గా ఉన్న పప్పుకు కూడా కంచం అంచున ఇంకొంచెం ఉప్పు వేసుకుంటేగాని ఆయనకు ముద్ద దిగదు. బీపీ వచ్చిందనీ, ఉప్పు తగ్గించాలనీ డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆ వంటింట్లో నా ప్రస్తావనే. కోడలు హేమలత ఫోనులో చూసి ఉప్పు విషమంది. కొన్నాళ్ళకు మళ్ళీ ఫోనులోనే చూసి, రాతి ఉప్పయితే మంచిదేనని గులాబీరంగు పొట్లం ఒకటి తెచ్చి నా పక్కన పెట్టింది. అదీ ఉప్పే. మా ఇద్దరికీ పేచీ ఏమీ రాలేదు.

సోమలింగంగారు మాత్రం మానలేకపోయారు. ఊరగాయ దాచిపెడితే వెతుక్కుని తినేవారు. త్రిపురాంబగారు కోప్పడ్డారు, ఏడ్చారు, చివరికి ఆయన్ను వెంటబెట్టుకుని కాశీ వెళ్ళారు.

కాశీ వెళ్ళినవారు తమకిష్టమైనదొకటి గంగలో వదిలేసి రావాలంటారు. సోమలింగంగారు పొట్లకాయ వదిలారు. చిన్నప్పటి నుంచీ ఆయన దాన్ని ముట్టింది లేదు. దేవుడి దగ్గర కూడా మనుషులు ఇలా బేరం చూసుకుంటారు.

తిరిగొచ్చిన రోజు త్రిపురాంబగారు ఉప్పు వెయ్యకముందే కాస్త పప్పు, కాస్త కూర వేరే గిన్నెలోకి తీసుకున్నారు.

"అదెందుకే?" అన్నారాయన.

"నేను ఉప్పు వదిలేశానండీ."

ఆయన నవ్వారు. "బీపీ నాకయితే ఉప్పు మానేది నువ్వా?"

"మీరు మానలేరుగా. ఎవరో ఒకళ్ళు మానాలి."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం కంచం అంచున ఉప్పు వేసుకోలేదు. మర్నాడు వేసుకున్నారు.

బీపీ తగ్గింది. పొద్దున్నే మింగే మాత్ర వల్లే తగ్గి ఉంటుంది. ఆమె మాత్రం తన మొక్కు వల్లేననుకుని దేవుడి పటం ముందు కళ్ళు తుడుచుకునేవారు. అత్తయ్యలా ఉండాలని హేమలత వచ్చినవాళ్ళందరితో చెప్పేది. త్రిపురాంబగారికి పాదాల వాపుకని, నీటితోపాటు ఒంట్లో ఉప్పునూ తీసేసే మాత్ర ఒకటి ఉన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

రోహిణీకార్తె వచ్చింది. పొయ్యి దగ్గర ఆమె చీర తడిసి ఒంటికి అంటుకునేది. చెంబులకొద్దీ నీళ్ళు తాగేవారు, ఉప్పు లేని మజ్జిగ తాగేవారు, కళ్ళు తిరిగి గట్టు పట్టుకునేవారు. అందరూ వడదెబ్బ అనుకున్నారు. మజ్జిగలోనైనా ఒక ఉప్పు కల్లు వేసుకోమని సోమలింగంగారు బతిమాలారు.

"మొక్కు తప్పితే మీకేమన్నా అయితే?" అన్నారామె.

ఆయన తీసిన కల్లు మళ్ళీ నాలోనే వేసేశారు.

ఒక ఉదయం ఆమె చెయ్యి నాలో పెట్టి, ఎందుకు పెట్టారో తెలియక అలాగే నిలబడిపోయారు. హేమలతను చూసి ఎవరమ్మా నువ్వని అడిగారు. తర్వాత నేలమీద పడ్డ చప్పుడు విన్నాను. కాళ్ళూ చేతులూ కొట్టుకున్న చప్పుడు విన్నాను.

చాలా రోజులకు సోమలింగంగారు గుంటూరు ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి వంటింట్లో పీట మీద కూలబడ్డారు. రక్తంలో ఉప్పు పడిపోయిందట. అది మెదడును దెబ్బతీసిందట. పోయిన జ్ఞాపకం తిరిగి వస్తుందని చెప్పలేమన్నారట.

"సీసాల్లో ఎక్కించేది కూడా ఉప్పునీళ్ళేనటమ్మా," అన్నారు కోడలితో. హేమలత గులాబీరంగు పొట్లం తీసి బీరువా వెనక్కి నెట్టింది.

త్రిపురాంబగారిని ఇంటికి తెచ్చారు. సోమలింగంగారు అన్నం కలిపి మొదటి ముద్ద నోటికందించారు. ఉప్పు నాలుకకు తగలగానే ఆమె తల తిప్పేసుకున్నారు.

"వద్దండీ. నేను ఉప్పు తినను. మా ఆయనకి బీపీ."

"నేనే త్రిపురా, మీ ఆయన్ని."

పరాయి మగాడితో మాట్లాడినట్టు ఆమె కొంగు భుజం మీదికి లాక్కున్నారు. "ఆయన ఆఫీసు నుంచి వచ్చే వేళయింది. ఆయనకి పెట్టండి ముందు."

అన్నీ పోయినా మొక్కు ఒక్కటి ఆమెలో మిగిలింది. పురోహితుడిని అడిగితే, మొక్కు విడిపించే దారి ఉంది గాని మొక్కుకున్నవారే నోటితో చెప్పాలన్నారు. ఆమెచేత ఎవరు చెప్పించగలరు?

ఇప్పుడు వంట సోమలింగంగారిదే. నాకు తెలియని ధర్మం ఏదో ఆయన రోజూ చేస్తున్నారు, లేక రోజూ తప్పుతున్నారు.

"ఉప్పు వెయ్యలేదుగా?" అని ఆమె ప్రతి పూటా అడుగుతారు.

"వెయ్యలేదమ్మా," అంటారాయన. ఆమె నమ్మి తింటారు. తిన్నాక, మా ఆయన చల్లగా ఉండాలని పటానికి దణ్ణం పెడతారు. ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటారు.

నాలోని ఉప్పు మంచిదో చెడ్డదో ఇన్నేళ్ళు విన్నా నాకు తేలలేదు. ఉప్పును దేవుడే చేశాడంటారు. అయితే ఎవరికెంతో కూడా ఆయనే చెప్పి ఉండవలసింది. ఆ లెక్క తెలిసిన వేళ్ళు ఇప్పుడు దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంటున్నాయి.

పొద్దున సోమలింగంగారు మూత తీసి మూడు వేళ్ళు నాలో ముంచుతారు. తక్కువైతే ఆమెకు ప్రమాదం, ఎక్కువైతే ఆమె కనిపెట్టి ముద్ద ఉమ్మేస్తారు. నైవేద్యం కాకుండా రుచి చూడరు. తీసిన ఉప్పులో కొంచెం వదులుతారు, మళ్ళీ కొంచెం తీసుకుంటారు. పప్పు అడుగంటుతున్న వాసన వస్తున్నా ఆ చెయ్యి నాలోనే ఉండిపోతుంది.