చిలకలు దాటిన దారం

కోడుమూరులో హేమావతి పొద్దున్నే ముగ్గేసి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆ తర్వాత లాప్‌టాప్ మూత తెరుస్తుంది. చీర అంచు కోసం తాను అందులో గీసిన చిలకలు బయటికొచ్చి, రెక్కలు దులుపుకుని, మగ్గం మీద కూర్చుంటాయి. అత్త నాగేంద్రమ్మ గుప్పెడు కొర్రలు చల్లుతుంది. మొగుడు ధనుంజయ వాటి మెడ వంపు చూసుకుంటూ అంచు నేస్తాడు. చీకటి పడేవేళకు, కోళ్లు గంప కిందికి దూరినట్టు, అన్నీ లోపలికి పోతాయి.

చిక్కల్లా లాప్‌టాప్ ముసలిదైపోవడమే. ఒక ఈక గీస్తే చాలు, వేడెక్కి ఆగిపోతుంది. నూలిచ్చి చీరలు కొనే కేశవయ్య శెట్టి, పున్నమిలోపు కొత్త అంచు చూపకపోతే నూలివ్వనన్నాడు. నూలు లేకుంటే మగ్గం లేదు. ధనుంజయ బేతంచెర్లలో బండల పాలిష్ పనికి మాటిచ్చి, చొక్కాలు సంచిలో పెట్టి కొయ్యకు తగిలించాడు కూడా.

హేమావతి కర్నూలు పోయింది. అంగడాయన కొత్త మోడల్‌ను పెళ్లికూతుర్ని పొగిడినట్టు పొగిడి, పాతది ఇచ్చేస్తే ధర తగ్గిస్తానన్నాడు.

"దీంట్లో చిలకలు నిలుస్తాయా అన్నా?"

"ఆ సంగతి కంపెనీవాళ్లు చెప్పలేదమ్మా," అన్నాడు నిజాయితీగా.

పాతది తర్వాత ఇస్తానని చెప్పి కొత్తది తెచ్చుకుంది. అందులో బొమ్మ చకచకా వచ్చింది. చిలకలు మాత్రం అద్దానికి అతికించినట్టు ఉండిపోయాయి. పాతదాంట్లో పని తెమలదు, కొత్తదాంట్లో ప్రాణం లేదు. ఏది ఉంచుకోవాలో తేలక హేమావతి రెంటినీ ముందు పెట్టుకుని కూర్చుంది.

మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే నేతగాళ్లు దాన్ని పూర్తిగా తీసెయ్యరు. జానెడు మిగిల్చి, దాని పోగు పోగుకూ కొత్త పోగు అతుకుతారు. అప్పుడే కొత్త పడుగు పాతది నడిచిన దారిన నడుస్తుంది.

నాగేంద్రమ్మ ఆ మాటే అంది. "కొత్తదానికి దారి యాడ తెలుస్తాది మే? పాతదే చూపియ్యల్ల."

హేమావతి, పడుగు అతికేటప్పటిలాగే వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక నూలుపోగు కొస పాతదానికీ, ఇంకో కొస కొత్తదానికీ ముడేసింది. చిలకలు గొణుక్కుంటూ ఒకదాని వెనక ఒకటి దారం మీద కొత్తదాంట్లోకి నడిచాయి. లావుపాటిది ఒక్కటే సగం దారిలో ఆగి, ఎటో ఎగిరిపోయింది.

పున్నమికి ముందే అంచు సిద్ధమైంది. కేశవయ్య శెట్టి చూసి, భుజమెక్కిన చిలకను మెల్లగా దించి, ఏడాది పొడుగునా ఇదే నేయమన్నాడు. పాతది ఇవ్వనని హేమావతి అంగడికి కబురు పెట్టింది.

అయినా ధనుంజయ మాటిచ్చినవాడు. పాలిష్ పని మేస్త్రీ ఓబులేష్ లారీ తెచ్చి వాకిట్లో ఆపితే, మనసొప్పకున్నా సంచి అందుకోబోయాడు. చొక్కాల మీద లావుపాటి చిలక గుడ్లు పొదుగుతోంది.

ఓబులేష్ కూడా తొంగి చూశాడు. "పొదిగేదాన్ని లేపితే పాపమప్పా. నువ్వు ఈడే ఉండు," అని లారీ ఎక్కిపోయాడు.

ఆ సంచి కొయ్యకే ఉంది. ధనుంజయ కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు.